స్నానాల గది గడియ

"తలుపు తట్టాలన్న ఇంగితం లేదూ నీకు?"

"గడియ పెట్టుకోవాలన్న ఇంగితం మీకు లేదా నాన్నా?"

పొద్దున్న ఏడుంపావుకి మా ఇంట్లో మొదలైన యుద్ధం ఇది. ఒకవైపు ముఖానికి సగం సబ్బు నురగతో మా ఆయన. మరోవైపు పళ్ళ బ్రష్షు పట్టుకుని, కాలేజీ బస్సు తప్పిపోతోందని గెంతుతున్న మా అమ్మాయి. ఇద్దరి మధ్యా స్నానాల గది తలుపు, ఎవరి పక్షం వహించాలో తెలియనట్టు ఊగుతోంది.

"వారంలో ఇది మూడోసారి. నిన్న నానమ్మ కూడా తోసుకుని వెళ్ళిపోయింది" అంది అమ్మాయి.

"నన్నెందుకు లాగుతావే మధ్యలోకి? నాకు కళ్ళు సరిగ్గా కనపడవు, నేనేం చూళ్ళేదు" అంది మా అత్తయ్య వంటగది గుమ్మంలో నుంచి. అంతకు ముందురోజే ఆవిడ ఆ కళ్ళతోనే, అద్దాలు పెట్టుకోకుండా, సూదిలోకి దారం ఎక్కించింది.

"ఆ గడియ బిగుసుకుపోతోంది. పెడితే మళ్ళీ రాదు" అన్నారు ఆయన.

"ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో గడియ బిగుసుకుపోయిందా! దీపం కిందే చీకటంటే ఇదే" అని అమ్మాయి బ్రష్షు నోట్లో పెట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి పోయింది.

అందరూ వెళ్ళాక కుట్టుమిషను నూనె డబ్బా తీసుకుని స్నానాల గదికి వెళ్ళాను. నూనె వెయ్యకముందే గడియను చిటికెన వేలితో నెట్టి చూశాను. జారింది. వెనక్కి లాగాను. వచ్చింది. పదిసార్లు అటూ ఇటూ ఆడించాను. ఎక్కడా పట్టు లేదు. నూనె డబ్బా మూత పెట్టేసి, తొట్టి అంచు మీద కూర్చుని ఆలోచించాను.

నెల క్రితం ఆయనకు ఒకరోజు పనిలో గుండెదడ వచ్చింది. డాక్టరు గుండెకు చేయవలసిన పరీక్షలన్నీ చేసి, నిక్షేపంలా ఉంది, ఇంకో ముప్పై ఏళ్ళు బెంగ లేదని పంపేశాడు. అప్పటి నుంచి లోపల ఒక్కరూ ఉన్నప్పుడు కళ్ళు తిరిగితే ఎవరు చూస్తారని భయపడుతున్నారేమో అనుకున్నాను. పాపం, చెప్పుకోలేక గడియ మీద నెపం పెట్టారు. ఆయన పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి నాలుగు మరలూ విప్పి, గడియను చక్కెర డబ్బా వెనక దాచాను. లోపల మనిషి ఉంటే తలుపు పిడికి ఎర్ర తువ్వాలు తగిలించాలని ఇంట్లో అందరికీ చట్టం చేశాను.

సాయంత్రం ఆయన వచ్చి, తలుపు మీద నాలుగు కన్నాలు చూశారు. చాలా బరువు మోసుకొచ్చిన మనిషి మూట దించినట్టు భుజాలు కిందికి జారాయి. "మంచి పని చేశావోయ్" అన్నారు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఇంత తక్కువ శ్రమతో ఇంత మెప్పు నాకెప్పుడూ రాలేదు. రెండు రోజులు గర్వంగా తిరిగాను.

మూడో రోజుకి పడకగది తలుపు కూడా మూసుకోకుండా ఉండేందుకు ఒక ముక్కాలిపీట అడ్డం వచ్చింది. వారానికి భోజనాల బల్ల దగ్గర ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీ మారి, వీధి తలుపు పక్కకి వచ్చింది. బస్సులో లోపలికి వెళ్ళనని ఫుట్‌బోర్డు దగ్గరే వేలాడుతున్నారని అమ్మాయి చూసి వచ్చి చెప్పింది. పనికి అరగంట ముందు బయలుదేరుతున్నారు. బూట్లు తుడుస్తుంటే ఇంకొకటి కనిపించింది. మొన్ననే కొత్త అట్టలు వేయించిన బూట్లు. మడమలు కొత్తగానే ఉన్నాయి, మునివేళ్ళ దగ్గర మాత్రం అరిగి నున్నగా అయ్యాయి. చదునైన నేల మీద నడిచే మనిషి బూట్లు అలా అరగవు.

నేను రోజూ రెండు గంటలకొకసారి ఫోను చేసి "ఎలా ఉందండీ?" అని అడిగేదాన్ని. "బాగానే ఉంది" అనేవారు. ఆ మాట విన్నాక నాకు సరిగ్గా గంటన్నర ప్రశాంతంగా ఉండేది.

ఆ నెల మొదటి గురువారం మధ్యాహ్నం నిచ్చెన వచ్చాడు. ఆయనతో పదకొండేళ్ళుగా జోడీగా పనిచేస్తున్న మనిషి. మా గుమ్మంలోకి తల వంచుకుని రావాల్సినంత పొడుగు. లిఫ్టు కంపెనీలో పనిచేసే వాణ్ణి నిచ్చెన అని పిలవడమేమిటని అతనికి మాత్రం కాస్త కష్టంగానే ఉంటుంది.

"వదినా, అన్న ఈ ఫారం బల్ల మీద మరిచిపోయాడు. ఇటే వెళ్తున్నా కదాని తెచ్చాను. నెలాఖరులోపు ఇవ్వకపోతే స్టోర్సులో ఆ సీటు ఇంకొకరికి పోతుంది."

"స్టోర్సులో సీటేమిటి?"

నిచ్చెన నాలిక కరుచుకున్నాడు. నేను కుర్చీ చూపించాను. "టీ పెడతాను. తాగేలోపు చెప్పెయ్యి. చెప్పకుండా వెళ్ళావంటే మీ ఆవిడ దగ్గరికి నేనొస్తాను."

టీ సగం తాగాక చెప్పాడు.

నెలన్నర క్రితం ఒక తొమ్మిదంతస్తుల భవనంలో, ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య కరెంటు పోయి లిఫ్టు ఆగింది. లోపల ఆయన ఒక్కరే ఉన్నారు. అలా ఆగడం ఆయనకి వందోసారో రెండువందలోసారో. కానీ ఆ రోజు గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి అందక, అయిపోయింది, ఇక్కడే పోతున్నాననుకున్నారట. ఇరవై నిమిషాలు. పైనుంచి తలుపు తీసింది నిచ్చెనే.

"ఆ రోజు నుంచి అన్న లిఫ్టెక్కలేదు వదినా. అన్నీ మెట్లే. మా కంపెనీలో ఒక పద్ధతుంది కదా. బాగుచేసిన లిఫ్టులో ముందు మెకానిక్కే ఒంటరిగా ఎక్కాలి. పైనుంచి కిందికి, ప్రతి అంతస్తులో ఆపి, మూడుసార్లు. ఆ తర్వాతే జనాన్ని ఎక్కించాలి. 'ప్రయాణించి చూశాను' అని రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఇప్పుడు నేనెక్కుతున్నా. అన్న పక్కన మెట్లెక్కుతూ, ప్రతి అంతస్తులో తలుపుకి చెవి ఆనించి చప్పుడు వింటాడు. సంతకం మాత్రం అన్నదే. ఇప్పటికి పద్నాలుగు లిఫ్టులు. సంతకం పెట్టేటప్పుడు చూడాలి అన్న మొహం..." అని కప్పు కింద పెట్టేశాడు. "ఇరవై రెండేళ్ళలో ఎక్కకుండా సంతకం పెట్టని మనిషి వదినా. అందుకే స్టోర్సుకి పోతానంటున్నాడు. అక్కడ బోల్టులు లెక్కపెడుతూ కూర్చుంటే సరిపోతుంది, ఏదీ ఎక్కక్కర్లేదు."

సాయంత్రం ఆయన వచ్చేసరికి నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. మడతపెట్టిన దుప్పటి మీద ఫారం ఉంచాను. ఆయన దాన్ని చూసి, దుప్పటి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం రెండు దుప్పట్లు మడతపెట్టాం.

"నిచ్చెన నోట్లో నువ్వుగింజ నానదు" అన్నారు.

"నన్ను అనుమానించారా? నవ్వుతాననుకున్నారా?"

"ఈత మాస్టారికి నీళ్ళంటే భయమంటే ఎవరు నవ్వరు చెప్పు?" గొంతు మామూలుగానే ఉంది కానీ క్లిప్పులు డబ్బాలో పడకుండా పక్కన పడుతున్నాయి. "గుండె బాగుందని డాక్టరన్నాడు. మరి బాగున్న గుండె అలా ఎందుకు కొట్టుకుంది? పిచ్చెక్కుతోందేమో అనిపిస్తోందోయ్. అది ఎవరితో చెప్పుకోను?"

మర్నాడు నేనే కౌన్సెలర్ దగ్గర సమయం తీసుకున్నాను. ఆసుపత్రి మేడ మీద గది. ఆయన మెట్లెక్కి వచ్చారు, నేను లిఫ్టులో వచ్చి ఆయన కోసం ఎదురుచూశాను.

కౌన్సెలర్ నా వయసు ఆవిడే. అంతా విని, "మీకు వచ్చింది పానిక్ అటాక్. పిచ్చి కాదు, గుండెజబ్బు కాదు. శరీరంలో ప్రమాదఘంట ఒకటి ఉంటుంది. అది ప్రమాదం లేనప్పుడు మోగింది. అంతే" అంది.

"అంతేనా?" అన్నారు ఆయన. ఆ మూడు అక్షరాల్లో నెలన్నర బరువు ఉంది.

"అంతే. మోగడం ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత మీరేం చేశారన్నదే అసలు విషయం. ఇంట్లో వాళ్ళేం చేశారన్నది కూడా." ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేం చేస్తున్నారమ్మా?"

పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు ఉత్సాహంగా చెప్పాను. గడియ తీసేశాను. పడకగది తలుపు తెరిచే ఉంచుతున్నాం. సంచిలో నీళ్ళసీసా, తడిగుడ్డ పెడుతున్నాను. రెండు గంటలకొకసారి ఫోను చేస్తున్నాను.

ఆవిడ మెల్లగా తల ఊపి, "గడియ తీసేశాక ఈయన భయం తగ్గిందా, పెరిగిందా?" అంది.

నేను ముక్కాలిపీట గురించి, కుర్చీ గురించి, ఫుట్‌బోర్డు గురించి ఆలోచించాను.

ఆయనే చెప్పారు. "మేడమ్, లిఫ్టులో బరువెక్కువైతే మోగే బజరుంటుంది. ఒక్కోసారి దాని సర్దుబాటు తప్పి, ఒక్క మనిషి ఎక్కినా మోగుతుంది. మనిషి కంగారుగా దిగిపోతాడు. బజర్ ఆగుతుంది. ఓహో, నా వల్లే మోగింది, దిగాను కాబట్టి బతికిపోయానని ఇంటికెళ్ళి చెబుతాడు. మర్నాడు ఇంకో లిఫ్టు కూడా ఎక్కడు. తప్పు బజర్లో ఉందని వాడికి ఎప్పటికీ తెలియదు." ఆయన తన బూట్ల వైపు చూసుకున్నారు. "నేను దిగిపోతున్నాను. కదా?"

కౌన్సెలర్ కలం కింద పెట్టింది. "ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. భయం ఎక్కుతుంది, ఒక ఎత్తుకి చేరి దానంతటదే దిగుతుంది. అది దిగేవరకు మీరు ఒక్కసారీ అక్కడ లేరు. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉంటుంది. ఆ హాయి తిని భయం బలుస్తోంది."

ఇంటికి వస్తుంటే గడియ తీసిన రోజు ఆయన భుజాలు జారడం గుర్తొచ్చింది. భయానికి ఆ హాయి వడ్డించింది నేనే. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ ఫోన్లు ఆయన కోసం కాదు. "బాగానే ఉంది" అన్న మాట నాకు కావాలి. గంటన్నరకి సరిపడా మందు, ఆయన గొంతులోంచి నేను తాగుతున్నాను.

కౌన్సెలర్ చెప్పిన అభ్యాసం మా ఇంటి సామాన్ల గదిలో మొదలైంది. కిటికీ లేదు, ఒక మనిషీ నాలుగు డబ్బాలూ పడతాయి. తలుపు మూసుకుని, గుండె దడకి సున్నా నుంచి పది వరకు మార్కులేసుకుంటూ, మార్కు సగానికి పడేదాకా అక్కడే కూర్చోవాలి. బయటి నుంచి ఎవరూ ధైర్యం చెప్పకూడదు. ఈ రెండో నిబంధనే మా అత్తయ్యకి ప్రాణం మీదికి వచ్చింది.

"ఒరే అబ్బాయ్, ఉన్నావా?" అంది అరనిమిషానికే.

"నానమ్మా! అడగకూడదు."

"బతికున్నాడో లేదో అడక్కూడదా? ఇదెక్కడి వైద్యమే!"

"ఎనిమిది!" అని లోపలి నుంచి అరిచారు ఆయన.

"ఎనిమిదేమిటే? ఎనిమిది డబ్బాలు పడ్డాయా మీద?"

అమ్మాయికి నవ్వాగలేదు. లోపల ఆయనా నవ్వారు. రెండో రోజు అత్తయ్య తనంతట తానే చీరకొంగు నోట్లో కుక్కుకుని, కుట్టు పట్టుకుని తలుపు ముందు కూర్చుంది. పదహారు నిమిషాలకు "నాలుగు" వినిపించింది. అత్తయ్య కొంగు తీసి "పది మార్కుల్లో నాలుగా? చదువుకునే రోజుల్లో కూడా వీడింతే" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నా వంతు పరీక్ష ఫోను. మొదటి రోజు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. పదకొండు గంటలకి చేతులు వాటంతటవే డబ్బా వైపు వెళ్ళాయి. బదులుగా కిటికీ ఊచలన్నీ తుడిచాను. ఒంటి గంటకి బీరువా సర్దాను. వారం తిరిగేసరికి మా ఇల్లు కొత్తింటిలా మెరిసింది, నాకు ఆయన గొంతు వినకుండా ఆరు గంటలు ఉండడం వచ్చింది.

రెండో వారం లిఫ్టు. ముందు నిచ్చెనతో ఒక అంతస్తు, తర్వాత రెండు. తర్వాత నిచ్చెన బయట, ఆయన లోపల. నాలుగు అంతస్తుల భవనంలో ఒంటరిగా మూడో అంతస్తు దాకా వెళ్ళినరోజు ఇంటికి మిఠాయి తెచ్చారు. ఇక గట్టెక్కాం అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వచ్చి, బూట్లు విప్పకుండా వీధి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు.

"రెండో అంతస్తులో దిగిపోయాను" అన్నారు. "ఏమీ జరగలేదు. ఊరికే ఒక కుదుపు. బజర్ మోగింది లోపల, దిగిపోయాను. ఇదంతా దండగోయ్. ఆ ఫారం ఎక్కడ పెట్టావు?"

నా నాలిక చివర మాట సిద్ధంగా ఉంది. పోనివ్వండి, స్టోర్సు మాత్రం తక్కువ పనా, నీడపట్టున ఉంటారు, నాకూ బెంగ ఉండదు. ఎంత మంచి మాట! అంటే ఆయన భుజాలు మళ్ళీ జారుతాయి. అందుకే అనలేదు. వెళ్ళి ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కన కలం కూడా పెట్టాను.

"నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది" అన్నాను. "కూర మాడుతోంది" అని వంటింట్లోకి వచ్చేశాను. కూర మాడడం లేదు. పొయ్యి ముందు నిలబడి వంద లెక్కపెట్టాను. తిరిగి వచ్చి చూస్తే ఫారం అలాగే ఉంది, బూట్లు మాత్రం గుమ్మం పక్కన ఉన్నాయి.

"రెండో అంతస్తులో దిగానంటే, రెండు అంతస్తులు లోపల ఉన్నట్టే కదా" అన్నారు ఆయన, ఎవరితోనో వాదిస్తున్నట్టు. నేను అవునని కూడా అనలేదు.

తరువాతి తొమ్మిది రోజులూ ఆయన నాకేం చెప్పలేదు, నేనేం అడగలేదు. అంత ఖరీదైన మౌనం నేను జీవితంలో పాటించలేదు. చూసుకోడానికి నాకు మిగిలినవి చిన్న చిన్న గుర్తులే. ముక్కాలిపీట ఒకరోజు దాని చోటుకి అది వెళ్ళిపోయింది. సంచిలో పెట్టిన నీళ్ళసీసా మూత తియ్యకుండా తిరిగొచ్చింది. తర్వాత సంచిలో సీసా పెట్టడం నేనే మానేశాను, ఆయన అడగలేదు.

నెలాఖరు శుక్రవారం. ఆ రోజు ఆయన మామూలు వేళకి బయలుదేరారు, అరగంట ముందు కాదు. నేను ఆ అరగంట గడియారం వైపే చూస్తూ నిలబడ్డాను.

రాత్రి భోజనానికి నిచ్చెన కూడా వచ్చాడు. పిలిచింది ఆయనే. నలుగురం కూర్చున్నాక ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, వీధి తలుపు పక్కనున్న తన కుర్చీని ఎత్తి, గోడ వైపు పాత చోట వేసుకుని కూర్చున్నారు. అక్కడ కూర్చుంటే బయటికి రావాలంటే ముగ్గురు లేవాలి. అమ్మాయి బల్ల కింద నన్ను కాలితో తట్టింది. నేను కూర వడ్డించాను.

"ఇవ్వాళ ఆ తొమ్మిదంతస్తుల భవనంలో ఎక్కాను" అన్నారు. "మూడుసార్లు. ఒక్కణ్ణే. మొదటిసారి ఆరో అంతస్తు దగ్గర తొమ్మిది మార్కులు. నిలబడ్డాను. అది దిగింది, అమ్మా. నేను కాదు."

అత్తయ్య ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మూడోసారి ఎంత?"

"రెండు. అదీ ఆకలికి."

నిచ్చెన పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి బయటికి వచ్చేసరికి కళ్ళు మసకబారాయి.

"అయితే ఫారం?" అంది అమ్మాయి.

"దాని గురించే చెబుతున్నా, అందరూ వినండి. ఫారం ఇవ్వలేదు, ఇవ్వను. సాయంత్రం సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాను. నేనెక్కకుండా నా సంతకం పెట్టిన లిఫ్టులు పద్నాలుగని."

నిచ్చెన నవ్వు ఆగిపోయింది. "అన్నా! నా పేరు కూడా చెప్పావా?"

"చెప్పకుండా ఎలా? నువ్వెక్కావు కాబట్టే జనం క్షేమంగా ఉన్నారని చెప్పాను. చీవాట్లు ఇద్దరికీ సగం సగం, నీ వాటా రేపు తీసుకో. రేపటి నుంచి పద్నాలుగింటిలోనూ మళ్ళీ నేనే ఎక్కి చూసి, కొత్తగా సంతకాలు పెట్టాలి. రోజుకి రెండు చొప్పున."

"మళ్ళీ గుండెదడ వస్తేనో?" అంది అత్తయ్య.

"వస్తుంది, పోతుంది. చుట్టంలాగా." ఆయన నా వైపు తిరిగారు. "ఇంకోటి. ఆ గడియ ఎక్కడ దాచావు?"

"చక్కెర డబ్బా వెనక. మరలు కూడా ఉన్నాయి, నాలుగూ."

"రేపు పొద్దున్న గడ్డం గీసుకునే ముందు బిగించేస్తాను. ఎర్ర తువ్వాలు చట్టం రద్దు."

"హమ్మయ్య!" అంది మా అమ్మాయి.